గ్రంథసూచి పెడితే గైడు గారు "పచారీ చిట్టా" అని తిప్పి పంపారు. కాస్త దారి చెప్పండి

వేపచెట్టు అరుగు
అందరికీ నమస్కారం. చెన్నైలో ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేస్తున్నాను. 1924 నుంచి 1940 దాకా మద్రాసులో అచ్చయిన తెలుగు మాసపత్రికల్లో ఆడవాళ్లు రాసిన కథలు, వ్యాసాలు నా విషయం. ఆరు అధ్యాయాలూ అయిపోయాయి. చివర్న "ఉపయుక్త గ్రంథసూచి" అని పదకొండు పేజీలు పెట్టాను. గైడు గారు అధ్యాయాల జోలికి పెద్దగా పోలేదు గానీ ఈ పదకొండు పేజీలూ ఎర్రసిరాతో నింపేసి, పైన "ఇది గ్రంథసూచి కాదు, పచారీ కొట్టు చిట్టా" అని రాసి పంపారు. అడుగుదామంటే ఊళ్లో లేరు. నెలాఖరుకి సమర్పించాలి.

విశ్వనాథ సత్యనారాయణ గారిని "సత్యనారాయణ, విశ్వనాథ" అని రాస్తే చుట్టూ సున్నా చుట్టారు. ఎంఎల్ఏ (అమెరికాలోని మోడర్న్ లాంగ్వేజ్ అసోసియేషన్) పద్ధతి అదే కదా? "భారతి, రక్తాక్షి, 1924" అని పత్రిక పేరు, తెలుగు సంవత్సరం, ఇంగ్లిషు సంవత్సరం ఉన్నచోటల్లా ప్రశ్నార్థకం. "సం." అని ఉన్న ప్రతిచోటా "ఏ సం.?" అని అడిగారు. ఒక రచయిత పేరు దగ్గరైతే మూడు ఆశ్చర్యార్థకాలు. ఆ పేరు ఇదీ: "అవైలబుల్, నాట్."

నవ్వకండి. నాకు నిద్ర పట్టట్లేదు.

చిత్తుప్రతి
నవ్వకుండా ఎలా అక్కా! నాట్ అవైలబుల్ గారు సామాన్యులా? వ్యాకరణం నుంచి వంటల దాకా ఆయన చెయ్యి పడని విషయం లేదు. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తెరిచి చూడు, సగం తెలుగు సాహిత్యం ఆయనదే.

ఓఎంఆర్ బస్సు
అది మీ తప్పు కాదు మేడం, జోటెరో (గ్రంథసూచి తయారుచేసే సాఫ్ట్‌వేరు) చేసింది. ఆ స్కాన్లకి వివరాలు ఎక్కించినవాళ్లు రచయిత గడిలో ఏమీ తెలియనప్పుడు "నాట్ అవైలబుల్" అని కొట్టేశారు. మీరు బ్రౌజర్ లోంచి ఒక నొక్కుతో దించుకునుంటారు. జోటెరో దాన్ని మనిషి పేరనుకుని రెండో ముక్క ఇంటిపేరుగా తీసుకుని ముందుకు తెచ్చింది. విశ్వనాథ వారికి జరిగిందీ అదే. రచయిత పేరు గడి పక్కన చిన్న గుర్తు ఉంటుంది, అది నొక్కితే రెండు గడులు ఒకటవుతాయి. అందులో "విశ్వనాథ సత్యనారాయణ" అని మొత్తం రాసేయండి, ఇక తిరగబడదు. తెలుగు పేర్లన్నిటికీ అలాగే చేయండి.

నేను పగలు సాఫ్ట్‌వేరు, రాత్రి చరిత్ర ఎం.ఏ. నా మొదటి జాబితాలోనూ ఇలాంటివి ఆరేడు ఉండేవి.

అరసున్న
మీట నొక్కడం సరే. ఎందుకు నొక్కాలో కూడా తెలియాలి. ఎంఎల్ఏ లాంటి పద్ధతులు పెట్టిన పాశ్చాత్యులకి ఇంటిపేరు చివర ఉంటుంది. వరసలో ఇంటిపేరుతో వెతకాలి కాబట్టి దాన్ని ముందుకు లాగి, లాగినట్టు తెలియడానికి కామా పెడతారు. మనకి ఇంటిపేరు ముందే ఉంది. లాగాల్సింది లేదు, కామా అక్కర్లేదు. విశ్వనాథ సత్యనారాయణ "వ" కిందే వస్తాడు. "సత్యనారాయణ" అని "స" కింద పెడితే తెలుగునాట ఉన్న సత్యనారాయణలందరితో కలిసి వరసలో నిలబడాలి ఆయన.

కలం పేర్ల సంగతి వేరు. శ్రీశ్రీ అని అచ్చయితే శ్రీశ్రీ అనే రాయాలి. శ్రీరంగం శ్రీనివాసరావు అని మార్చి "శ" కింద ఇంకోచోట పెడితే చదివేవాడికి చిక్కు. కావాలంటే పక్కన చదరపు బ్రాకెట్లో అసలు పేరు ఇవ్వొచ్చు.

వేపచెట్టు అరుగు
నా వాళ్లలో సగం మందికి ఇంటిపేరే లేదండీ. పెళ్లి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకోటి. కొన్ని వ్యాసాల కింద "ఒక సోదరి" అని మాత్రమే ఉంది. వాటినేం చేయను?

పాత బీరువా
అమ్మాయ్, నేను ఈ ఊళ్లో ముప్పై రెండేళ్లు గ్రంథాలయంలో పనిచేసి దిగినవాణ్ని. నీ పోస్టు మా మనవరాలు చదివి వినిపించింది. టైపింగు నాకు నెమ్మది, ఓపిక పట్టు.

ముందు మాటల సంగతి తేల్చుకో. నువ్వు వ్యాసంలో ఎత్తి చూపించినవి మాత్రమే ఇస్తే అది ఉదహరించిన రచనల పట్టిక. ఎంఎల్ఏ వాళ్లడిగేది అదే. చదివి ప్రయోజనం పొందినవన్నీ ఇస్తే ఉపయుక్త గ్రంథసూచి. పుస్తకం కింద రెండు వాక్యాల్లో ఇందులో ఏముంది, నాకు ఎందుకు పనికొచ్చింది అని రాస్తే సవ్యాఖ్యాన సూచి. నువ్వు పైన శీర్షిక ఒకటి పెట్టి లోపల మూడూ కలిపేసి ఉంటావు. పచారీ చిట్టా అన్నది అందుకే అనుకుంటాను. అందులో పత్రికలు, పుస్తకాలు, పరిశోధన వ్యాసాలు, వెబ్ పేజీలు అన్నీ ఒకే వరసలో ఉన్నాయా?

వేపచెట్టు అరుగు
ఉన్నాయి మాస్టారూ. అకారాదిగా.

పాత బీరువా
అదే. విడదీయి. నీ విషయానికి పత్రికలే మూలం. వాటిని మొదటి భాగంలో పెట్టు. ఏ పత్రిక, ఏ సంచిక నుంచి ఏ సంచిక దాకా చూశావు, ఎక్కడ చూశావు, మధ్యలో ఏవి దొరకలేదు. ఈ నాలుగోది ఎవరూ రాయరు. "1931 మార్చి సంచిక లభించలేదు" అని నువ్వొక్క ముక్క రాస్తే నీ తర్వాత వచ్చే పిల్ల ఆ సంచిక కోసం వేరే ఊరు వెళ్తుంది. రాయకపోతే నువ్వు తిరిగిన గడపలే మళ్లీ ఎక్కుతుంది. మా రంగనాథన్ గారు (1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి మొదటి లైబ్రేరియన్) 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు అచ్చువేశారు కదా, నాలుగోది పాఠకుడి కాలం వృథా చేయొద్దనే. అది బీరువాల గురించే అనుకుంటారు చాలామంది.

"ఒక సోదరి"ని మనిషి చేయకు. రచయిత తెలియనప్పుడు శీర్షికతో మొదలుపెట్టు, శీర్షిక అక్షరం కింద పెట్టు, బ్రాకెట్లో "ఒక సోదరి పేరున" అని రాయి. "అజ్ఞాత రచయిత" అని అందరినీ ఒకచోట కట్టేస్తే నాట్ అవైలబుల్ గారికి తోబుట్టువు తయారవుతుంది. ఇక పెళ్లికి ముందు పేరు, తర్వాత పేరు ఉన్నప్పుడు, అచ్చులో ఏది ఉంటే అదే రాసి, రెండో పేరు దగ్గర "చూ." (చూడండి) అని మొదటి పేరు చూపించు.

అరసున్న
మాస్టారి మాటకి ఒక ఉదాహరణ కలుపుతాను. కనుపర్తి వరలక్ష్మమ్మ గారు గృహలక్ష్మి పత్రికలో "శారద లేఖలు" రాశారు. ఉత్తరాలు రాసేది శారద. తెలియనివాళ్లు "శారద" అని రచయిత్రి పేరు రాసి "శ" కింద పెట్టేస్తారు. కనుపర్తి వారు "క" కింద ఉండాలి.

చిత్తుప్రతి
"సం." గురించి ఎవరూ మాట్లాడరేం? నాకు అన్నిటికన్నా అదే నచ్చింది. సంపుటి, సంచిక, సంపాదకుడు, సంవత్సరం, సంకలనం. ఐదుగురు అన్నదమ్ములకి ఒకే ముద్దుపేరు. "సం. 3, సం. 5, సం. 1926" అని రాస్తే చదివేవాడు పంచాంగం తెరవాలి.

ఓఎంఆర్ బస్సు
సంపుటి, సంచిక పూర్తిగా రాసేయండి. సంపాదకుడికి "సంపా.", పరిష్కర్తకి "పరి.", పుటకి "పు." పెట్టి, మొదటి పేజీలో సంకేతాల పట్టిక ఇచ్చేయండి. పొదుపు చేసిన ఆ నాలుగు అక్షరాల వల్ల ఎవరికీ లాభం లేదు.

తంబుచెట్టి వీధి
రక్తాక్షి సంగతి నేను చెప్తా. మాది మూడు తరాల అచ్చు పని, పాత సంచికల బైండింగులు మా ఇంట్లోనే పెరిగాయి. తెలుగు సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది కదా, రక్తాక్షి 1924 ఏప్రిల్‌లో మొదలై 1925 మార్చిలో అయిపోతుంది. అంటే రక్తాక్షి మాఘమాసం సంచిక మీద మీరు 1924 అని రాస్తే తప్పు. అది 1925. పుష్యం అయితే ఇంకా చిక్కు, డిసెంబరుకీ జనవరికీ మధ్య ఊగుతుంది. భారతి మొదటి సంచికే తీసుకోండి, 1924 జనవరిలో వచ్చింది. అప్పటికి నడుస్తున్నది రక్తాక్షి కాదు, అంతకు ముందుది, రుధిరోద్గారి. మీ గైడు గారు ప్రశ్నార్థకం పెట్టింది అందుకే అయ్యుంటుంది.

వేపచెట్టు అరుగు
అయ్యో. నేను రక్తాక్షి = 1924 అని ఒక కాగితం మీద రాసుకుని మొత్తం అలాగే నింపేశాను. విభవ = 1928, శుక్ల = 1929...

తంబుచెట్టి వీధి
మాఘ ఫాల్గుణాలున్నవన్నీ మళ్లీ చూడండి. ఇంకో గండం కూడా ఉంది. అరవై ఏళ్లకోసారి అదే పేరు వస్తుంది. ప్రభవ అంటే 1867-68 కావచ్చు, 1927-28 కావచ్చు, 1987-88 కావచ్చు. మాసపత్రికకి ఇబ్బంది లేదు గానీ ముఖపత్రం మీద సంవత్సరం పేరు తప్ప అంకె లేని పాత పుస్తకాలకి ఈ తిరకాసు తప్పదు. కొన్నిటి మీద శాలివాహన శకం ఉంటుంది, దానికి 78 కలుపుకోవాలి.

మద్రాసు పేరు కూడా ఏమైనా మార్చారా మీరు?

వేపచెట్టు అరుగు
మార్చాను. కొన్నిటి మీద చెన్నపురి, కొన్నిటి మీద మదరాసు, కొన్నిటి మీద చెన్నపట్నం అని ఉంటే ఒకేలా ఉంటుందని "చెన్నై" అని ఒక్క దెబ్బతో మార్చేశాను.

చిత్తుప్రతి
"చెన్నై ప్రెసిడెన్సీ" అయిందా?

వేపచెట్టు అరుగు
...అయింది. రెండో అధ్యాయంలో.

తంబుచెట్టి వీధి
ఊరి పేరు ముఖపత్రం మీద ఏది ఉంటే అదే రాయాలి. ఊరికి చెన్నై అని పేరు మారింది 1996లో. 1928లో అచ్చయిన పుస్తకానికి చెన్నై అని పెడితే ఆ పుస్తకం ఎలా పుడుతుంది? బెజవాడని విజయవాడ చేయొద్దు, బందరుని మచిలీపట్నం చేయొద్దు.

ఓఎంఆర్ బస్సు
దీనికి నేను ఒప్పుకోను అన్నా. ఎంఎల్ఏ 2016 నుంచే పుస్తకాలకి ఊరు పేరు అక్కర్లేదంది. ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) 2019లో తీసేసింది. ప్రచురణకర్త పేరు చాలు అంటున్నారు. మనం మాత్రం ఎందుకు మోయాలి?

తంబుచెట్టి వీధి
వాళ్ల ప్రచురణకర్తలు నాలుగు పేర్లు చెబితే ఎక్కడివాళ్లో అందరికీ తెలుసు. మన పాత పుస్తకం మీద "సరస్వతీ ముద్రాక్షరశాల" అని ఉంటే ఏ ఊరి సరస్వతి? ప్రతి ఊళ్లో ఒకటి ఉండేది. ఇంకా, ప్రచురించింది రచయితే, అచ్చు వేసింది వేరే వాడు. ఆ రెండూ వేరువేరుగా రాయాలి. పరదేశం వాళ్లు తీసేశారని మన ఊరు మనం తీసేసుకుంటామా?

ఓఎంఆర్ బస్సు
మీ విశ్వవిద్యాలయం ఏ పద్ధతి అడిగిందో దాన్ని దాటితే పరీక్షకుడు మళ్లీ ఎర్రసిరా తీస్తాడు. అదొక్కటే నా భయం.

పాత బీరువా
ఇద్దరూ ఆగండి. కొత్త పుస్తకాలకి పద్ధతి ఏం చెబితే అది. పాత తెలుగు పుస్తకాలకి ఊరు ఇవ్వాలి, ముందుమాటలో "ఈ జాబితాలో పాత తెలుగు ముద్రణలకు ప్రచురణ స్థలం యథాతథంగా ఇచ్చాను" అని ఒక వాక్యం రాస్తే ఏ పరీక్షకుడూ ఏమీ అనడు. పద్ధతి తప్పడం వేరు, చెప్పి తప్పడం వేరు.

ముద్రణ సంగతి ఇంతకన్నా పెద్దది. కన్యాశుల్కం అని రాసి ఊరుకుంటే ఏది? 1897 ప్రతికీ 1909 ప్రతికీ బోలెడు తేడా, గురజాడ మళ్లీ రాశాడు. 1897 వాక్యాన్ని 1909 పుట సంఖ్యతో చూపిస్తే వెతికేవాడు పిచ్చివాడవుతాడు. నువ్వు చదివింది 1990ల పునర్ముద్రణ అయితే అదే రాయి. మొదటి ముద్రణ సంవత్సరం పక్కన ఇవ్వొచ్చు, కానీ పుట సంఖ్య నీ చేతిలో ఉన్న ప్రతిది. ఎప్పుడూ నీ చేతిలో ఉన్న ప్రతి.

చిత్తుప్రతి
నా చేతిలో ఉన్నది పీడీఎఫ్ మాస్టారూ.

పాత బీరువా
అయితే పీడీఎఫ్ అని రాయి! దేని స్కానో, ఎక్కడ దొరికిందో, ఏ తేదీన చూశావో. పుస్తకం పట్టుకున్నట్టు నటించకు. స్కానులో రెండు పేజీలు ఎగిరిపోయి ఉంటాయి, నీ తప్పు కాకపోయినా నీ మీద పడుతుంది.

అరసున్న
నేనిక్కడ మాస్టారితో విభేదిస్తాను. స్కాన్ అంటే ఆ పుస్తకమే కదా, ఫోటో తీశారంతే. ప్రతిదానికీ అరగజం లింకు అతికిస్తే జాబితా ఎవడు చదువుతాడు? పుస్తకం వివరం పూర్తిగా ఇచ్చి, చివర "స్కాన్ ప్రతి" అంటే చాలదా?

పాత బీరువా
పేజీలు అన్నీ ఉన్నాయని నువ్వు సరిచూస్తే చాలు. చూశావా?

అరసున్న
...చూడలేదు.

వేపచెట్టు అరుగు
నాకు ఇంకో భయం. జాబితా పెరిగితే కాపీ శాతం పెరుగుతుందని మా తోటి విద్యార్థిని చెప్పింది. అందుకే ముప్పై పుస్తకాలు తీసేద్దామనుకుంటున్నాను.

ఓఎంఆర్ బస్సు
వద్దు మేడం. యూజీసీ 2018 నిబంధనల్లో పది శాతం దాకా సారూప్యతకి శిక్ష లేదు, గ్రంథసూచి, ఆధారాల పట్టిక, విషయసూచిక, కృతజ్ఞతలు ఆ లెక్కలోకే రావు. తీసేయకండి.

తంబుచెట్టి వీధి
మీరు ఫైలు ఏ అక్షరాల్లో కొట్టించారు? మా వైపు చాలామంది ఇంకా "అను" అనే పాత ఫాంట్లలోనే కొట్టించుకుంటారు.

వేపచెట్టు అరుగు
అను లోనే. బయట ఇచ్చి చేయించాను.

తంబుచెట్టి వీధి
అకారాది ఎవరు సరిచేశారు?

వేపచెట్టు అరుగు
వర్డ్‌లో మీట నొక్కాను.

తంబుచెట్టి వీధి
తల్లీ! అను అక్షరాల వెనక ఉన్నది ఇంగ్లిషు గుర్తులు. కంప్యూటరు "క" ని "క" అనుకోదు. వరస మొత్తం కకావికలు. ముందు యూనికోడ్‌లోకి మార్చండి, అందులో తెలుగు అక్షరాలకి సొంత గుర్తులుంటాయి. మార్చాక వత్తులు, పొల్లులు ఒకసారి కళ్లతో చూసుకోండి, మార్పిడిలో కొన్ని తేడా వస్తాయి.

అరసున్న
యూనికోడ్‌లో కూడా మీటని నమ్మొద్దు. "క్ష" కంప్యూటరుకి క, పొల్లు, ష. అంచేత "క" మధ్యలో దూరుతుంది. మన బడిలో నేర్చిన వరసలో "క్ష" చివరికి వస్తుంది. సున్నా ఎక్కడ పెట్టాలన్నది నిఘంటువుకో తీరు. ఒక నిఘంటువు పట్టుకుని, అదే వరస పాటించండి. రెండొందల పేర్లే కదా, చేత్తో సర్దండి. నేనైతే కార్డులు రాసి నేల మీద పరుచుకుంటాను. ఫ్యాను ఆపాలి.

చిత్తుప్రతి
ఒక విషయం ఒప్పుకుంటా. పోయిన ఏడాది సెమినారు పేపరుకి ఏఐ చాట్‌ని అడిగి ఎనిమిది పుస్తకాల జాబితా తీసుకున్నా. అన్నీ తెలుగు పేర్లు, చక్కని ప్రచురణకర్తలు, పుట సంఖ్యలతో సహా. పైక్రాఫ్ట్స్ రోడ్డులో పేవ్‌మెంటు మీద పాత పుస్తకాలమ్మే ఆయన దగ్గరికి ఆ కాగితం పట్టుకెళ్లా. ఆయన నలభై ఏళ్లుగా ఉన్నాడక్కడ. చదివి, "తంబీ, ఇందులో మూడు పుస్తకాలు నేను అమ్మాను. మిగతా ఐదూ ఎవరూ రాయలేదు" అన్నాడు. ఆ ఐదింట్లో ఒకటి నా వాదనకి మూలస్తంభం.

పాత బీరువా
ఆయన చేతికి డాక్టరేటు ఇవ్వాలి.

అమ్మాయ్, నీకు తారీఖు తేలని పుస్తకాలు ఉంటే ఒక దారి. 1867 నాటి పుస్తకాల నమోదు చట్టం కింద మద్రాసు ప్రెసిడెన్సీలో అచ్చయిన పుస్తకాల జాబితాని ప్రభుత్వం మూడు నెలలకోసారి వేసేది. పేరు, భాష, రచయిత, అచ్చు వేసిన చోటు, పుటలు, ఎన్ని ప్రతులు, వెల, అన్నీ ఉంటాయి. ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్‌లో అడుగు. ముఖపత్రం చిరిగిన పుస్తకానికి పుట్టిన తేదీ అక్కడ దొరుకుతుంది. దొరికితే నీ జాబితాలో సంవత్సరాన్ని చదరపు బ్రాకెట్లో పెట్టు. పుస్తకం మీద లేదు, బయట నుంచి తెచ్చాను అని ఆ బ్రాకెట్ చెబుతుంది.

లిఖిత ప్రతులేమైనా వాడావా?

వేపచెట్టు అరుగు
ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఒకటి. పీఠికలో వాడాను. "తాళపత్ర గ్రంథం, చెన్నై" అని రాశాను.

పాత బీరువా
మెకంజీ, బ్రౌను పోగుచేసినవి అక్కడ వేల కొద్దీ ఉన్నాయమ్మా, "తాళపత్ర గ్రంథం" అంటే ఏది? నంబరు రాయాలి. ఆ నంబరు ముందు డి అనో ఆర్ అనో అక్షరం ఉంటుంది, అది వదిలేస్తే వాళ్లు కూడా తీసివ్వలేరు. పుట అనకు, కమ్మ (ఒక్కో తాటాకు) అను, ఏ వైపో చెప్పు.

వేపచెట్టు అరుగు
*(తొమ్మిది రోజుల తర్వాత)*
అందరికీ దండాలు. నేను మాయమైపోలేదు. సెలవు పెట్టి మూడు రోజులు ఎగ్మూరులో, రెండు రోజులు ఇంట్లో నేల మీద. ఫ్యాను ఆపి.

జాబితా మూడు భాగాలయింది. పత్రికల భాగమే ఇప్పుడు ఆరు పేజీలు, దొరకని సంచికలతో సహా. రక్తాక్షి తప్పులు పద్నాలుగు దొరికాయి, మిగతా సంవత్సరాలతో కలిపి నలభై ఒకటి. నా నాలుగో అధ్యాయంలో ఒక కథ ఇంకో కథకన్నా ముందు వచ్చిందని పెద్ద వాదన చేశాను, మాఘాన్ని సరిచేస్తే అది వెనక వచ్చింది. ఆ రెండు పేజీలూ తిరగరాస్తున్నాను.

నాట్ అవైలబుల్ గారు కూడా దొరికారు. కన్నెమరా గ్రంథాలయంలో అదే పుస్తకం చూశాను. స్కాన్ చేసినవాళ్లు అట్ట తిప్పగానే వచ్చే పేజీ వదిలేశారు. అందులో రచయిత్రి పేరు, ఊరు, వెల ఆరణాలు అని స్పష్టంగా ఉంది. ఆవిడ నేను మూడో అధ్యాయంలో "వివరాలు తెలియరాలేదు" అని రాసినావిడే.

చిత్తుప్రతి
అంటే నువ్వు వెతుకుతున్న మనిషి నీ జాబితాలోనే మగవేషంలో కూర్చుని ఉందన్నమాట.

పాత బీరువా
ఆ పేజీ ఫోటో తీశావా? గ్రంథాలయం ముద్ర, ప్రవేశ సంఖ్య కనపడేట్టు తీయాలి.

వేపచెట్టు అరుగు
పేజీ తీశాను మాస్టారూ. ముద్ర వెనక పేజీ మీద ఉంది, అది తీయలేదు.

పాత బీరువా
శనివారం మళ్లీ వెళ్లు. నేనూ వస్తాను, మ్యూజియం గేటు దగ్గర పదింటికి.